గురుగ్రహం ఫొటోలు అతికే అమ్మాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, డే స్కాలర్. ఏడాదిగా నాసా వాళ్లు పెట్టిన గురుగ్రహం ఫొటోలు దించుకుని రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్‌లో వాటికి రంగులు వేస్తూ కూర్చుంటోంది. ఈ మధ్య వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయి. వాళ్ల మేనమామ సీఎస్‌ఈ తప్ప ఇంకో మాట వద్దంటాడు. తనేమో స్పేస్ అంటుంది. ఇందులో ఉద్యోగం ఉందా? లేకపోతే ఇప్పుడే మాన్పించాలా? తను చేసిన బొమ్మ ఒకటి పంపుతున్నాను.

జవాబు: మీ టెన్షన్ రెండో ప్రశ్నలో ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మాన్పించొద్దండి. మాన్పించాల్సింది రాత్రి ఒంటిగంటను. ఆ తేడా ఎందుకో చెప్పాలంటే అసలు మీ అమ్మాయి చేస్తున్నదేంటో మీకు తెలియాలి. అది రంగులు వేయడం కాదు.

గురుగ్రహం చుట్టూ తిరిగిన జూనో అనే నాసా వ్యోమనౌక 2011 ఆగస్టులో బయల్దేరి 2016 జులైలో అక్కడికి చేరింది. దాని మీద జూనోకామ్ అని ఒక కెమెరా ఉంది. మిగతా పరికరాలు సైంటిస్టుల కోసం పెట్టినవి. ఈ ఒక్కటీ ముఖ్యంగా జనం కోసం పెట్టింది. అది తీసిన ఫొటోలను ఎలా వచ్చినవి అలాగే అందరి ముందూ పెట్టేశారు, ఎవరైనా తీసుకుని బాగుచేసుకోవచ్చు. పత్రికల్లో, ఫోన్లలో మీరు చూసిన గురుగ్రహపు నీలి సుడిగుండాల బొమ్మల్లో చాలా వాటిని తయారుచేసింది జీతం తీసుకునే నాసా ఉద్యోగులు కాదు, మీ అమ్మాయి లాంటి వాళ్లే.

ఇక ఆ ముడి ఫొటో ఎలా ఉంటుందో ఒకసారి తననే చూపించమనండి. గ్రహం కనపడదు. నలుపు తెలుపు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు, పొడుగ్గా, చీర మడతలు విప్పినట్టు ఉంటుంది. జూనో నిమిషానికి సుమారు రెండు చుట్లు తనచుట్టూ తాను తిరుగుతుంది. తిరుగుతూనే కెమెరా సన్నని పట్టీలుగా ఫొటో తీస్తుంది. ఒక్కో పట్టీ ఎత్తు 128 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు. ఎరుపు ఫిల్టర్‌లోంచి ఒకటి, ఆకుపచ్చలోంచి ఒకటి, నీలంలోంచి ఒకటి. ఒక పట్టీకీ ఇంకో పట్టీకీ మధ్య నౌక తిరిగి ఉంటుంది, జరిగి కూడా ఉంటుంది. గ్రహానికి దగ్గరగా వచ్చినప్పుడు దాని వేగం గంటకు 2 లక్షల కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి మూడు రంగుల పట్టీలను ఊరికే ఒకదాని మీద ఒకటి పెడితే కుదరవు, అంచులకు ఎర్రగా, నీలంగా గీతలు పడతాయి. ఏ క్షణాన నౌక ఎక్కడుంది, కెమెరా ఎటు చూస్తోంది అనేది లెక్కగట్టి, ప్రతి పట్టీనీ గ్రహం మీద దాని చోట పరచాలి.

పైగా గురుడు గుండ్రటి బంతి కాదు. వేగంగా తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బి ఉంటాడు. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 71,492 కిలోమీటర్లయితే, ధ్రువాల దగ్గర 66,854. బంతి అనుకుని లెక్క వేస్తే పట్టీలు అతుక్కోవు. నేను కూడా ఒకసారి సరదాకి ప్రయత్నించాను. రెండు సాయంత్రాలు కూర్చుంటే నా గురుడు అడ్డంగా కోసిన ఉల్లిపాయలా వచ్చాడు, వదిలేశాను.

ఈ లెక్కకు ఏం కావాలో చూడండి. మాత్రికలు, సదిశలు, త్రిమితీయ నిరూపకాలు, దిక్ కొసైన్లు, దీర్ఘవృత్తం. మీ అమ్మాయి ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాల్లోవే. కాలేజీలో వాటిని టెస్టు కోసం చదువుతోంది, ఇంట్లో వాటితో పని చేస్తోంది. ఆ రెండూ ఒకటేనని తనకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పండి, తగ్గిన మార్కులు కొంత ఆ మాటతోనే లేస్తాయి.

ఇప్పుడు ఉద్యోగం మాట. గ్రహాల ఫొటోలు అతికే ఉద్యోగం అని ప్రకటన మీకెక్కడా కనపడదు. బొమ్మలు అమ్మి బతకొచ్చనీ అనుకోవద్దు, చాలామంది ఉచితంగానే పెడతారు. కానీ ఈ పని చేసినవాళ్లు ఏమయ్యారో చూస్తే విషయం వేరేగా కనిపిస్తుంది.

డగ్ ఎల్లిసన్ అని ఇంగ్లండ్ ఆయన. మల్టీమీడియా ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ దొరికితే మార్స్ రోవర్ల ఫొటోలు అతికేవారు. చివరికి అమెరికాలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలోనే ఉద్యోగం వచ్చింది, క్యూరియాసిటీ రోవర్ కెమెరాల జట్టులో పనిచేశారు. జర్మనీకి చెందిన గెరాల్డ్ ఐష్టెట్ గణితవేత్త. జూనో పట్టీలను అతికే పద్ధతులు సొంతంగా తయారుచేసుకున్నారు. ఆయనకు ఇది ఉద్యోగం కాలేదు, కానీ గురుగ్రహం మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో సైంటిస్టుల పక్కన ఆయన పేరు కూడా ఉంటుంది. మన దేశంలో జరిగిన సంగతి ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిపోయింది. అది ఎక్కడ పడిందో నాసా ఉపగ్రహం ఫొటోల్లో మొదట పట్టింది చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చుక్క చుక్కా పోల్చారు. డిసెంబరులో నాసా ఆయన పేరు చెప్పి మరీ ఒప్పుకుంది.

ముగ్గురిలో ఒక్కరికే ఇది ఉద్యోగమైంది. దీన్ని దాచిపెట్టి మీకు ఆశలు పెట్టడం నాకిష్టం లేదు.

అయితే పని పేరు మారితే దారి వెడల్పవుతుంది. ఉపగ్రహాల ఫొటోలను సరిచేసి, కొలిచి, మ్యాపుల్లో కూర్చడాన్ని రిమోట్ సెన్సింగ్ అంటారు. దేశంలో దానికి పెద్ద కేంద్రం మీకు దగ్గర్లోనే ఉంది, హైదరాబాద్ బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. ఉపగ్రహాల నుంచి డేటా అందుకునే స్టేషన్ షాద్‌నగర్‌లో. పంటల అంచనా, వరద మ్యాపులు అక్కడి పని. గ్రహాల కెమెరాలు తయారుచేసేది అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం, శాక్ అంటారు. ఆస్పత్రి స్కాన్లకూ, కార్ల కెమెరాలకూ ఇదే గణితం కావాలి. కాబట్టి మేనమామ గారి సీఎస్‌ఈ తప్పేమీ కాదు. సీఎస్‌ఈ మాత్రమే అనడమే తప్పు.

బ్రాంచి తేల్చడానికి నేను మార్కులు అడగను. ఒక్కటే చూస్తాను: బొమ్మ సరిగ్గా రానప్పుడు ఈ పిల్ల ఏం చేస్తుంది? అతుకు ఎందుకు పడిందని కోడ్ తవ్వుకుంటూ కూర్చుంటే కంప్యూటర్స్ వైపు పంపండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బొమ్మల మీదే పనిచేసే మంచి పరిశోధన కేంద్రం ఉంది. కెమెరాలో ఈ చుక్కలేంటి, రేడియేషన్‌కు సెన్సర్ ఎందుకు పాడవుతోంది అని అడిగితే ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్. ఈ ప్రశ్న చిన్నదేం కాదు. గురుడి రేడియేషన్‌కు జూనోకామ్ ఫొటోలు దాదాపు పనికిరాకుండా పోతే, భూమ్మీంచి ఆదేశాలిచ్చి కెమెరాను బాగా వేడెక్కించి కోలుకునేలా చేశారు. 2023 డిసెంబరు 30న గురుడి చందమామల్లో ఒకటైన అయోను అది మళ్లీ శుభ్రంగా ఫొటో తీసింది. మీ అమ్మాయికి ఈ కథ తెలిసే ఉంటుంది, అడగండి, భోజనం చల్లారేదాకా చెప్తుంది.

అతుకులూ సెన్సర్లూ వదిలేసి, ఆ సుడిగుండం అసలెందుకు తిరుగుతోంది అంటుందనుకోండి, అప్పుడు ఇంజనీరింగే తనకు చుట్టుదారి. సైన్సు చదువుకు పెట్టిన తిరుపతి ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్, అంతరిక్ష చదువులకు పెట్టిన తిరువనంతపురం ఐఐఎస్‌టీలో ఇంజనీరింగ్ ఫిజిక్స్, లేదంటే మంచి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చదివి పీజీకి వెళ్లడం. ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి, ఐసర్‌కు వాళ్ల పరీక్ష వేరే ఉంటుంది. ఈ దారిలో జీతం ఆలస్యంగా మొదలవుతుంది, పీహెచ్‌డీ దాకా చదవాలి. ఇంటి పరిస్థితి చూసుకుని ఇద్దరూ మాట్లాడుకోండి, దాచొద్దు. ఇవేవీ కాక రంగులూ అందమూ మాత్రమే ఇష్టమైతే డిజైన్ కోర్సులున్నాయి, ఐఐటీ హైదరాబాద్‌లో కూడా. దానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇస్రో అంటే ఎలా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. ఇంజనీరింగ్ తర్వాత వాళ్లు పెట్టే సైంటిస్టు పరీక్షకు ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ వాళ్లను పిలుస్తారు, డిగ్రీలో 65 శాతం మార్కులుండాలి. నాసాలో నేరుగా ప్రభుత్వ ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం కావాలి. యూనివర్సిటీల ద్వారా పరిశోధనకు వెళ్లడం వేరే సంగతి. ఇంకోటి. మీ అమ్మాయి ఆసక్తి తెలిస్తే నాసా సర్టిఫికెట్, నాసా ట్రిప్ అంటూ లక్షలడిగేవాళ్లు ఇంటికే వస్తారు. రూపాయి కూడా ఇవ్వకండి. అసలైన డేటా అంతా ఉచితమే.

ఇక రాత్రి ఒంటిగంట. తనకు నా మాటగా చెప్పండి: ఆ ఫొటోలు ఎక్కడికీ పోవు. నాసా నౌక వాయేజర్-2 యురేనస్‌ను 1986లో, నెప్ట్యూన్‌ను 1989లో దాటింది. అమెరికాలో టెడ్ స్ట్రైక్ అని కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పే మాస్టారు ఆ పాత ఫొటోలనే దశాబ్దాల తర్వాత తిరిగి తీసి, ఇదివరకటికన్నా బాగా కనపడేలా చేశారు. వాయేజర్ ఫొటో అన్నేళ్లు ఆగింది, జూనో ఫొటో పరీక్షలయ్యేదాకా ఆగుతుంది. జేఈఈ, ఎప్‌సెట్ ఆగవు. అప్పటిదాకా ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు ల్యాప్‌టాప్ తనది. ఆ మూడు గంటల్లో మాత్రం ఎవరూ సణగకూడదు, మేనమామ గారితో సహా.

పరీక్షలయ్యాక గురుడిని కాస్త పక్కన పెట్టి చంద్రుడి మీద పడమనండి. గురుడి మీద ప్రపంచమంతా పనిచేస్తోంది. చంద్రయాన్-2 ఫొటోలను ఇస్రో ప్రదాన్ అనే పోర్టల్‌లో పెట్టింది, రిజిస్టర్ చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. అందులో ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా వంద కిలోమీటర్ల ఎత్తు నుంచి పావు మీటరు దాకా వివరం చూపిస్తుంది, అంటే మీ గుమ్మం ముందున్న బిందె కూడా ఒక చుక్కగా తెలుస్తుంది. అలాంటి ఫొటోలతో పని చేసి చూపించిన ఇంటర్ పిల్లను ఇంటర్వ్యూలో ఎవరైనా ఆపి అడుగుతారు.

అడిగినప్పుడు చూపించడానికి లెక్క ఉండాలి. మీరు మిల్లులో బస్తాల పద్దు రాసినట్టే తనూ రాసుకోవాలి: అసలు ఫైలు ఏది, ఏం మార్చింది, ఎందుకు మార్చింది, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది. రంగు పెంచితే పెంచానని బొమ్మ కిందే రాయాలి. కంటికి గురుడు అంత నీలంగా, అంత ఎర్రగా కనపడడు, వెలిసిన గోధుమ రంగు, అంతే. ఆ మాట దాచిన బొమ్మకు లైకులు వస్తాయేమో గానీ ఆ పద్దు అడిగే చోట అది నిలబడదు.

మీరు పంపిన బొమ్మ చూశాను. బాగుంది. కింద ఎడమ వైపు, తెల్లటి సుడి పక్కన సన్నగా ఒక అతుకు కనిపిస్తోంది. నేను చెప్పానని కాకుండా, ఇదేంటమ్మా అని మామూలుగా అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి, బ్రాంచి సంగతి దాన్నిబట్టి మాట్లాడుకుందాం.