కాలినొప్పికి కారణం ప్రతిసారీ నడుములోనే ఉండదు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రెండేళ్లుగా ఎడమ మోకాలి వెనక మొదలై పిక్క మీదుగా అరికాలి వరకు నొప్పి లాగుతోంది. నడుమునొప్పి లేదు. వెన్నెముక ఎంఆర్‌ఐలో డిస్క్ కొద్దిగా ఉబ్బిందని, ఇది సయాటికా (నడుము దగ్గర నరం నొక్కుకుపోయి కాలికి పాకే నొప్పి) అని చెప్పారు. మందులు వాడినా, ఫిజియోథెరపీ చేయించుకున్నా గుణం కనిపించలేదు. మోకాలి వెనక కుర్చీ అంచు ఒత్తుకుంటే అరికాలి దాకా జివ్వుమంటుంది. ఇప్పుడు నడుముకు ఆపరేషన్ అవసరమంటున్నారు. చేయించుకోమంటారా?

జవాబు: మీరు రాసిన వివరాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది కుర్చీ అంచు విషయం. అది తగిలిన చోటు నుంచి అరికాలికి జివ్వుమని పాకుతోందంటే, నరానికి ఇబ్బంది మోకాలి వెనకే ఉండే అవకాశం ఉంది. డిస్క్ వల్ల వచ్చే సయాటికాలో సాధారణంగా నొప్పి నడుము నుంచో పిరుదు నుంచో కిందికి దిగుతుంది. దగ్గినా, తుమ్మినా, ముందుకు వంగినా ఎక్కువవుతుంది. ఇక స్కాన్‌లో కనిపించిన డిస్క్ ఉబ్బు, 40 ఏళ్ల వయసులో ఏ నొప్పీ లేనివారిలో కూడా దాదాపు సగం మందికి ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క రిపోర్టును బట్టి ఆపరేషన్‌కు ఒప్పుకోకుండా, ముందు కాలిని పరీక్ష చేయించుకోండి.

కాలి నరాలకూ కణుతులు వస్తాయి. అరుదైనవి కావడంతో చాలాకాలం వీటిమీద అనుమానమే రాదు. నరపు పోగులను కప్పి ఉంచే శ్వాన్ కణాల నుంచి పుట్టి, నరానికి ఒక పక్కగా పెరిగే శ్వానోమా, పోగులతో కలిసిపోయి పెరిగే న్యూరోఫైబ్రోమా వీటిలో ముఖ్యమైనవి. ఎక్కువ శాతం క్యాన్సర్ కానివే. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. వెన్నెముకకు తీసే ఎంఆర్‌ఐలో కాలు రాదు గనుక, తొడలోనో మోకాలి వెనకో చీలమండ లోపలి పక్కనో ఉన్న గడ్డ, ఆ స్కాన్ ఎన్నిసార్లు తీసినా బయటపడదు.

మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, మోకాలిని కొద్దిగా వంచి, నరం వెళ్లే దారి పొడవునా వేళ్లతో నొక్కి చూడటం డాక్టరుకు కొద్ది నిమిషాల పని. నరపు గడ్డ అయితే అటూ ఇటూ కదులుతుంది గానీ, నరం పొడవు వెంట పైకీ కిందికీ కదలదు. దానిమీద వేలితో తట్టితే మీరు చెప్పిన జివ్వుమనే బాధే మళ్లీ వస్తుంది. గడ్డ లోతుగా, చిన్నదిగా ఉంటే చేతికి అందకపోవచ్చు. అందుకే చేతికి ఏమీ తగలకపోయినా మోకాలి వెనక భాగానికి అల్ట్రాసౌండ్, ఆ తర్వాత అవసరాన్ని బట్టి కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి) ఎంఆర్‌ఐ తీయించాలి. నరాల వేగాన్ని కొలిచే పరీక్ష నార్మల్‌గా వచ్చినంత మాత్రాన గడ్డ లేదని అనుకోవడానికి లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. మోకాలి వెనక గడ్డ తగిలితే దాన్ని కొవ్వు గడ్డగానో, కీలులోని ద్రవం చేరిన బేకర్ సిస్ట్‌గానో భావించి, స్కాన్ లేకుండానే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కోసి తీయడానికి సిద్ధపడే సందర్భాలున్నాయి. దయచేసి ఒప్పుకోవద్దు. గడ్డతో పాటు నరం కూడా తెగితే అరికాలు మొద్దుబారి, పాదం కండరాలు శాశ్వతంగా బలహీనపడవచ్చు. సూది గుచ్చి ముక్క తీయడాన్ని కూడా నరాల సర్జరీలో అనుభవమున్న డాక్టరు అవసరమన్నప్పుడే చేయించాలి. శ్వానోమా అని తేలితే, మైక్రోస్కోప్ కింద నరం పైపొరను పొడవుగా తెరిచి, పనిచేసే పోగులను పక్కకు జరిపి, గడ్డను మాత్రమే వేరుచేసి తీయడం చాలామందిలో సాధ్యమే. కొన్నాళ్లు తిమ్మిర్లు ఉండవచ్చు గానీ గడ్డ మళ్లీ రావడం అరుదు. బాధ పెట్టని చిన్న గడ్డలనైతే అప్పుడప్పుడు స్కాన్ తీస్తూ గమనించవచ్చు.

గడ్డ త్వరగా పెరుగుతున్నా, కదలకుండా కూర్చున్నప్పుడు, రాత్రివేళల్లో కూడా నొప్పి తీవ్రంగా ఉన్నా, పాదంలో కొత్తగా బలం తగ్గినా ఆలస్యం చేయవద్దు; క్యాన్సర్ రకం కాదని నిర్ధారించుకోవాలి. ఒంటిమీద 15 మిల్లీమీటర్లు దాటిన కాఫీ రంగు మచ్చలు ఆరు లేదా అంతకు మించి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా న్యూరోఫైబ్రోమటోసిస్ (నరాలకు కణుతులు వచ్చే జన్యుపరమైన జబ్బు) ఉన్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటివారికి ఆ ముప్పు ఎక్కువ.

మూత్రం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం కనిపిస్తే మాత్రం నడుము సమస్యే అత్యవసరమవుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ లేఖలో అవేమీ లేవు కనుక ఈ పరీక్షలు పూర్తయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేయమని మీ సర్జన్‌ను అడగండి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ వంటి మందులు వాడుతుంటే గుణం లేదని ఒక్కసారిగా మానేయకుండా, డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రండి.