పటాన్ని కాపీ చేసేముందు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి,

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు గీసిన ప్రాసెస్ పటాన్నే, అంటే పని ఏ వరసలో సాగాలో చూపే బొమ్మనే, కాపీ చేసి నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు సర్దుతున్నానని రాశావు. కాస్త ఆగు తల్లీ. నేనూ ఆ దారిన పోయినవాణ్ణే. ఒకప్పుడు ఏడు పత్తి మిల్లులకు ఏడు కాపీలు తీశాను. కాంటా దగ్గర ఖాళీ బస్తా బరువును రెండుసార్లు తీసేస్తున్న తప్పు బయటపడితే ఐదింటిలో దిద్దాను. మిగిలిన రెండూ గుర్తుకే రాలేదు. ఒక రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) తెచ్చి, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించాకే తెలిసింది.

అలాగని అన్నీ ఒకే పటంలో కుక్కేయకు. అదీ చేశాను! గోడంత కాగితం, దాని నిండా ‘ఇటా, అటా’ అని దారి చీలే చోట పెట్టే వజ్రం గుర్తులు. ఏ మిల్లువాడు చూసినా తనవి కాని దారులే ఎక్కువ.

తేడా ఎప్పుడు తేలుతుందో ముందు చూడు. పత్తిలో తేమ 12 శాతం దాటిందా అన్నది సరుకు వచ్చాక, లాటు లాటుకూ తెలుస్తుంది. అది వజ్రమే. ధర తేల్చేది యార్డులో జరిగే జెండా పాటా (బహిరంగ వేలం), ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో వేసే బిడ్డా అన్నది సాఫ్ట్‌వేర్ పెట్టే రోజే తేలిపోతుంది. దానికి వజ్రం వద్దు. ‘ధర నిర్ణయం’ అని ఒక ఖాళీ గడి ఉంచి, అందులో కూర్చునే చిన్న పటాలు రెండు విడిగా గీయి. ఇలాంటి పటాలు గీసే గుర్తుల పద్ధతి బీపీఎంఎన్‌లో ఈ రెండో రకానికి ప్రత్యేకమైన గుర్తు లేదు, అందుకే అందరూ వజ్రంతోనే సరిపెట్టేస్తారు.

సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర కోసే లెక్క అసలు పటంలోకే రాకూడదు. పట్టికలో పెట్టు.

ఒక ఎంపిక ఇంకొకదాన్ని లాక్కొస్తుంది. ఈ-నామ్‌లో వ్యాపారి ఎక్కడో కూర్చుని బిడ్ వేయవచ్చు, సరుకు కళ్లతో చూడడు. కాబట్టి ఆ ఎంపికతో పాటు నాణ్యత పరీక్ష గడి కూడా తెరుచుకోవాలి. ఇలాంటివి రాసుకోవడానికి 1990లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపిన ఫీచర్ల చెట్టు, అంటే ఎంపికలను కొమ్మలుగా గీసే బొమ్మ, చాలు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదని నా అభిప్రాయం, మీ మేనేజరు ఒప్పుకోకపోవచ్చు.

“మా దగ్గర వేరు” అన్న ప్రతి మాటనూ నమ్మేయకు. ఒక గుమాస్తా గంటసేపు వాదించాడు. తీరా చూస్తే మేము కాంటా అన్నదాన్నే ఆయన తూకం అంటున్నాడు. ఎందుకు వేరో వాళ్ల చేతే చెప్పించి, ఆ కారణాన్ని గడి పక్కనే రాయి.

నిజామాబాద్ పటంలో ఖాళీ గడులను ఎర్ర పెన్నుతో చుట్టి పంపు. నాలుగు దాటితే మాత్రం ఆదివారం ఇంటికే రా, కలిసి చూద్దాం.

మామయ్య