దాటేసిన పన్నెండేళ్లు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ శ్రద్ధగా చదివాను. మీ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న కథను, ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలు ఏదో ఒక రూపంలో తమదిగా చెప్పుకునే కథను, నవలగా రాయడానికి పూనుకోవడం చిన్న సాహసం కాదు. మొదటి అధ్యాయంలో ఇరవై ఆరేళ్ల అమెరికన్ మిషనరీ యువకుడు కొత్తగా పెళ్లాడిన భార్యతో బోస్టన్ రేవులో తెరచాప ఓడ ఎక్కాడు. రెండో అధ్యాయంలో తుపాను వచ్చింది, తగ్గింది, మద్రాసు తీరం కనిపించింది. మూడో అధ్యాయం తెరిచేసరికి 1878 జూలై 3వ తేదీ. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందుతున్నారు, నీ కథానాయకుడి గడ్డం నెరవడం మొదలుపెట్టింది. ఓడ దిగిన నాటికీ ఈ నాటికీ మధ్యనున్న పన్నెండు పదమూడేళ్లను "కాలం గిర్రున తిరిగింది" అన్న ఒక్క వాక్యంతో దాటేశావు. సూటిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు: నువ్వు రాయవలసిన నవలంతా ఆ దాటేసిన చోటే ఉంది.

నదీ తీరం కథ నీ పాఠకులకు ముందే తెలుసు. వాళ్లకు తెలియనిది 1867లో ఏదో ఒక మంగళవారం నాడు ఆ యువకుడు ఎన్నింటికి లేచాడో, ఎవరితో మాట్లాడాడో, ఏం తిన్నాడో, ఏ పని సగంలో వదిలేసి పడుకున్నాడో అన్నది. నువ్వు నమూనాగా తీసుకున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1864 నవంబరు చివర బోస్టన్‌లో బయలుదేరి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరాడు. నెల్లూరులో తనకంటే ముందే వచ్చిన మిషనరీ జ్యూయెట్ దగ్గర ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1866 సెప్టెంబరులో గానీ ఒంగోలులో కాపురం పెట్టలేదు. సముద్రం మీద అయిదు నెలలు గడిపితే, ఒక భాష ముందు చేతులు కట్టుకుని కూర్చున్నది ఏడాదికి పైగా. నీ నవలలో సముద్రానికి నలభై పేజీలూ, ఆ ఏడాదికి సున్నా పేజీలూ దక్కాయి.

కాబట్టి ముందుగా దొరకు తెలుగు నేర్పిన ఆ మున్షీని తీసుకురా. పొద్దున్నే వచ్చి, వరండాలో దూరంగా వేసిన కుర్చీలో కూర్చుని, దొర నోటివెంట వచ్చిన ప్రతి ఒత్తునూ సరిదిద్దే ఆ పండితుడు నీ కథకు ఎంత అవసరమో ఆలోచించు. అతనికి జీతం కావాలి. ఇంటికి వెళ్లగానే స్నానం చేయాలి. దొర మత ప్రచారానికి అక్కరకొచ్చే భాషనే తాను నేర్పుతున్నానని తెలుసు, అయినా అక్షరదోషం మాత్రం సహించలేడు. అతను నేర్పేది పద్యకావ్యాల భాష, దొర వెళ్లి మాట్లాడవలసింది తోళ్లు ఊనేవాళ్లతో, కూలి చేసుకునేవాళ్లతో. ఈ ఇబ్బంది ఒక్కటే నీకు ఒక అధ్యాయం ఇస్తుంది. అయితే కథానాయకుడి చేత "నువ్వు రావడం చేస్తావా" వంటి దొరల తెలుగు పుస్తకమంతా పలికించకు. నాలుగు మాటల తరువాత అది నాటకాల్లో హాస్యగాడి భాష అయిపోతుంది. వచ్చీరాని భాషలో మాట్లాడేవాడు తప్పుగా పలికిన వాటికంటే, చెప్పలేక మానేసినవే ఎక్కువగా ఉంటాయి. వాటిని చూపించు.

ఇక్కడే కొన్ని సవరణలు. నీ కథానాయకుడి బల్ల మీద ఆర్డెన్ వ్యాకరణం పెట్టావు, అది 1873లో గానీ వెలువడలేదు. 1865 నాటి బల్ల మీద ఉండదగినవి 1816 నాటి కాంప్‌బెల్ వ్యాకరణమూ, 1852 నాటి బ్రౌను నిఘంటువూ. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోది, కలెక్టరు ఉండేది నెల్లూరులో. ప్రకాశం జిల్లా పేరు పుట్టడానికి ఇంకా నూరేళ్లు పైగా ఉంది. ఆ దారిలో రైలు ఆ శతాబ్దం చివరి దాకా రాలేదు కనుక, నీ దంపతులు రాత్రిపూట, దివిటీల వెలుగులో, బోయీలు మోసే పల్లకీలోనో, ఎడ్లబండిలోనో ప్రయాణం చేయాలి. బోయీల పాట గురించి రాసే ముందు వాళ్ల భుజాల గురించి రాయి. వాళ్లు మజిలీకి మజిలీకి మారుతారు, ప్రతి మజిలీలోనూ కూలి దగ్గర పేచీ వస్తుంది, భాష రాని యువకుడు ఆ పేచీలో ఓడిపోతాడు.

ఇక ఆధారాల సంగతి. ఇంటికి రాసిన ఉత్తరాలు, మిషన్ పత్రికల్లో అచ్చయిన నివేదికలు చదివి నోట్సు రాసుకున్నానన్నావు. మంచిదే. కాని ఆ ఉత్తరాలు ఎవరికి రాసినవో మరిచిపోకు. ఒక మిషనరీ నెల జీతం, బంగళా కప్పు, పాఠశాల పలకలు అన్నీ అమెరికాలో ఆదివారం నాడు కానుకల సంచిలో పడే డబ్బు మీద ఆధారపడి ఉండేవి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను అయితే ఎన్నిసార్లు మూతపడబోయిందో! దాని మొదటి మిషనరీ శామ్యూల్ డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరు చేరి, ఏళ్ల తరబడి పనిచేసినా చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. ఈ మిషనును వదిలేద్దామా అని ఆ దేశపు సభల్లో చర్చ మళ్లీ మళ్లీ వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభ తరువాతే దానికి "ఒంటరి నక్షత్రం" అన్న పేరు స్థిరపడింది. అటువంటి నేపథ్యంలో బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాసే యువకుడు "ఈ నెలంతా విరేచనాలతో మంచం మీదే ఉన్నాను, ఎవరూ రాలేదు, వచ్చిన ఇద్దరూ ఉద్యోగం అడగడానికి వచ్చారు" అని రాస్తాడా? రాయడు. రాసిన దానిలో అబద్ధమూ ఉండదు. అతను వదిలేసిన వాక్యాలను ఊహించడమే నవలాకారుల పని. కుదిరితే ఒకే రోజు గురించి అతను బోర్డు కార్యదర్శికి ఒక ఉత్తరమూ, తల్లికి ఒక ఉత్తరమూ రాసినట్టు కల్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. జవాబు రావడానికి నెలలు పడుతుందన్న సంగతి కూడా లెక్కలో ఉంచుకో. బిడ్డకు జ్వరమని రాసిన ఉత్తరానికి ధైర్యం చెబుతూ జవాబు వచ్చేసరికి ఆ బిడ్డ లేచి తిరుగుతూనైనా ఉంటుంది, సమాధిలోనైనా ఉంటుంది.

సమాధుల గురించి ఒక మాట. విశాఖపట్నంలో 1805లో దిగిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ ఇద్దరూ అయిదేళ్లు తిరిగేసరికి పోయారు. మచిలీపట్నానికి 1841లో వచ్చిన మిషనరీ హెన్రీ ఫాక్స్‌కు అప్పటికి ఇరవై మూడో, ఇరవై నాలుగో ఏళ్లు. ముప్పై ఒకటో ఏట కన్నుమూశాడు. చావు వాళ్ల దినచర్యలో భాగం. కన్నీళ్లు పెట్టించడానికి ఒక అధ్యాయం కేటాయించే బదులు, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా గొంతు తగ్గించి మాట్లాడే అలవాటును పుస్తకమంతటా ఉంచితే చాలు.

దొరసాని నీ కథలో కేవలం రుమాలు ఊపింది, పియానో లేదని బాధపడింది. అంతకంటే ఆమెకు పనుంది. కాంపౌండులో బడి పెట్టేది, పిల్లలకు అన్నం లెక్క చూసేది, ఆడవాళ్లు చెప్పుకునే జబ్బులు వినేది ఆమే. దొరకు ప్రవేశం లేని గుమ్మాల్లోకి వెళ్లగలిగేదీ ఆమే. 1871లో బాప్టిస్టు స్త్రీల మిషను సంఘాలు ఏర్పడి పెళ్లికాని యువతులను పంపడం మొదలయ్యేవరకు ఈ పనంతా జీతం పట్టీలో పేరు లేని భార్యల మీదే నడిచింది. ఈ ఆడవాళ్ల వెంట నడిచిన తెలుగు ఆడవాళ్లను కూడా గుర్తుపెట్టుకో. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన అయిదుగురిలో జ్యూయెట్ దంపతులను మాత్రమే నువ్వు ప్రస్తావించావు. నర్సు అనే అతనూ, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలూ అక్కడే ఉన్నారు.

ఈ మాటతో నా అసలు ఫిర్యాదు దగ్గరికి వస్తున్నాను. నీ అధ్యాయాల్లో తెలుగువాళ్లు గుంపులుగా వస్తారు, ఏడుస్తారు, మోకరిస్తారు. ఒక్కరికీ స్వంత పని లేదు. చరిత్రలో ఉన్నది అది కాదు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు వైపు తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవుడు కావడానికి ముందే గురువు దగ్గర యోగోపదేశం పొందినవాడు. దేవుణ్ణి వెతుకుతూ ఎంతో దూరం నడిచి వచ్చిన అటువంటి మనిషి ముందు, తెలుగు ఇంకా కూడబలుక్కుంటున్న యువ దొర నేర్పేవాడో నేర్చుకునేవాడో తేల్చడం నీకు సులభం కాకూడదు. పల్లెల్లో మొదట తిరిగిందీ, చెప్పిందీ, దెబ్బలు తిన్నదీ చాలావరకు ఇటువంటివాళ్లే. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల నోట విన్న కథలను 1899లో పుస్తకంగా అచ్చు వేయించింది. దొరల నివేదికలకంటే ముందు అది చదువు, ఆమె కూడా దొరసానే అన్న ఎరుకతో చదువు.

మతంలో చేరేవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. నివేదికలో ఇది ఒక వరుస. పల్లెలో ఏమవుతుందో చూడు. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. చచ్చిన గొడ్డును ఎత్తుకుపోయేవాడికీ, ఊరికీ మధ్య ఉన్న లెక్కలన్నీ తారుమారవుతాయి. బావి దగ్గర అడ్డుకుంటారు, వెట్టికి రమ్మని కరణం, మునసబు మనుషులను పంపుతారు, తప్పుడు కేసు పెడతారు. అప్పుడు ఆ మనుషులు తెల్లవారకముందే బయలుదేరి బంగళా వరండాకు వస్తారు. యువ మిషనరీ దినచర్యలో సువార్త చెప్పే సమయంకంటే, ఈ వరండాలో కూర్చుని ఎవరి పొలం ఎవరిది, ఎవరు ఎవరిని కొట్టారు, కలెక్టరుకు అర్జీ ఏ మాటలతో రాయాలి అని తేల్చే సమయం తక్కువేమీ కాదు. నా దృష్టిలో నీ నవలకు నడిబొడ్డు ఆ వరండా. అక్కడికి అగ్రవర్ణాలవారు కూడా మొదట్లో వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని చెప్పి వెళ్లిపోయారు. చేర్చుకోవాలా వద్దా అన్న సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య హారియెట్ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కంటబడిందని ఆయన చెప్పుకున్నాడు. నువ్వు ఈ ఘట్టాన్ని తప్పక రాస్తావని తెలుసు. రాయి, కాని ఆ సాయంత్రానికి ఆ ఇంట్లో వంటవాడు ఏం చేశాడో కూడా రాయి. అతనిది ఏ కులమో, మర్నాడు పనిలోకి వచ్చాడో లేదో నువ్వే నిర్ణయించుకోవాలి.

ఇంకొక సంగతి నీ దృష్టికి రాలేదేమో. బానిసత్వం మీద వాళ్ల దేశంలో అంతర్యుద్ధం ముగియక ముందే ఈ యువకుడు ఓడ ఎక్కాడు. లింకన్ హత్య వార్త అతనికి ఇక్కడ, పరాయి ఎండలో అందింది. ఆ మనిషి మొదటిసారి మాదిగపల్లెలో అడుగుపెట్టినప్పుడు ఏమనుకుని ఉంటాడు? ఉపన్యాసం ఇప్పించకు. అతని చేత అసలు ఏమీ అనిపించకపోయినా నాకు అభ్యంతరం లేదు. నీకు మాత్రం తెలిసి ఉండాలి.

చలికాలపు పర్యటనలకు చోటు బాగా ఇవ్వు. మామిడితోపులో డేరా, ముందే వెళ్లిన సామాను బండి, ఎండ ఎక్కకముందు రెండు పల్లెలు, సాయంత్రం దీపాలవేళ కూలి నుంచి తిరిగి వచ్చినవాళ్లతో మాటలు. ఆముదపు దీపం వెలుగులో ముఖాలు కనిపించవు, గొంతులే వినిపిస్తాయి. భాష సరిగా రానివాడికి అది ఎంత కష్టమో ఊహించు.

కరువు గురించి క్లుప్తంగా చెబుతాను, నది అధ్యాయంలో వెనక్కి చూస్తూ అది నువ్వే బాగా రాశావు. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల గుత్త తీసుకున్నాడని రాశావు, అతను ఒకప్పుడు సర్వేయరు అన్న సంగతి వదిలేశావు. చేర్చు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు నెలల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదన్నదీ చేర్చు. ఆ మాట అయినా వచ్చింది, నేటికీ వస్తోంది. నువ్వు దానికి జవాబు చెప్పే బాధ్యత నెత్తిన వేసుకోవద్దు. చేరినవాళ్ల రోజులు నిజాయితీగా రాస్తే చాలు. నది అధ్యాయంలో మాత్రం ఒక దిద్దుబాటు తప్పనిసరి: నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తరువాత ఇద్దరు, అలసినప్పుడల్లా మారుతూ ఇచ్చారు.

చివరగా, జాన్ రంగయ్య గారిని ఈ నవలలోకి తీసుకురావాలా అని అడిగావు. నెల్లూరు వైపు నుంచి తెలుగు బాప్టిస్టు సంఘాలే తమ డబ్బుతో 1903లో ఆయనను కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. 1860 నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లి చెరకు తోటల్లో, కియర్స్నీ తేయాకు తోటల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు స్థాపించాడు. పరాయి దేశంలో తెలుగు మిషనరీ! అక్కడ తోట యజమాని అనుమతి, ఆదివారం ఒక్కటే సెలవు, అయిదేళ్ల ఒప్పందం తీరినవాళ్ల మీద మూడు పౌన్ల పన్ను, ఇంగ్లీషు, జులూ, తమిళం మధ్య తెలుగు ప్రార్థన. ఇంత సరుకును నీ ఆఖరి అధ్యాయానికి అలంకారంగా వాడి పారేయకు. అది మరొక నవల, అదీ నువ్వే రాయవచ్చు. ప్రస్తుతానికి మున్షీ అధ్యాయం రాసి పంపు. ఓడ అధ్యాయాన్ని పది పేజీలకు కుదించు, తుపాను లేకపోయినా పరవాలేదు.

ఆశీస్సులతో.