టెక్ సందేహాలు: గడువు కోరే ఫారం వేరు, కట్టాల్సిన పన్ను వేరు

ఏప్రిల్ దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు అమెరికా నుంచి వచ్చే ఉత్తరాల్లో ఫోన్ బ్యాటరీలు, వైఫై రూటర్ల ఊసు తగ్గి, పన్ను సాఫ్ట్‌వేర్ ఊసు పెరుగుతుంది. ఈ వారం తీసుకున్న మూడు ఉత్తరాలూ అలాంటివే. మొదటి దానికే ఎక్కువ చోటు పట్టింది. మిగతా రెండూ దానికి పిలకల్లాంటివి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగులం. చాలా ఏళ్లుగా డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కొని, మా కంప్యూటర్ నుంచే పన్ను రిటర్న్ వేసుకుంటున్నాం. స్నేహితులతో కలిసి టెక్సస్‌లో ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో కొంత వాటా పెట్టాం. అందులో మా వాటా లాభనష్టాలు చూపే కె-1 పత్రం సెప్టెంబరుకు గానీ రాదంటున్నారు. వరంగల్‌లోని బ్యాంకు డిపాజిట్ మీద టీడీఎస్ పత్రం కూడా జూన్‌లో ఇస్తామన్నారు. ఏప్రిల్ 15లోగా రిటర్న్ వేయలేము కాబట్టి, అక్టోబరు దాకా గడువు కావాలని ఈ సాఫ్ట్‌వేర్‌లోనే అడగవచ్చా? అడిగితే పన్ను కూడా అక్టోబరులోనే కట్టవచ్చు కదా?

జవాబు: మొదటి ప్రశ్నకు అవును, రెండో ప్రశ్నకు కాదు. గడువు కోరడానికి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ పెట్టిన పత్రం ఫారం 4868. పేరున్న డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో ఇది ఉంటుంది, అక్కడి నుంచే ఎలక్ట్రానిక్‌గా పంపవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ 15లోగా సరిగ్గా నింపి పంపితే ఆరు నెలల గడువు, అంటే 2026 అక్టోబరు 15 వరకు, దానంతట అదే వస్తుంది. మంజూరు చేశామని ఉత్తరమేదీ రాదు. తిరస్కరిస్తేనే కబురు వస్తుంది. ఇండియాలో ఇలా ఒక మనిషి తన కోసం గడువు అడిగే ఫారమే లేదు. అక్కడ పొడిగిస్తే అందరికీ కలిపి ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీయే పొడిగిస్తుంది. 2025లో జులై 31 గడువును సెప్టెంబరు 15కి, ఆ రోజు సైటు మొరాయించడంతో మరునాటికి జరిపినట్లుగా. ఆ అలవాటులో ఉన్న మనవాళ్లు గడువు పెరిగిందంటే అంతా పెరిగిందనే అనుకుంటారు. ఫారం 4868 పెంచేది రిటర్న్ వేసే గడువును మాత్రమే. పన్ను కట్టే గడువు ఏప్రిల్ 15 దగ్గరే నిలిచి ఉంటుంది.

ముందుగా వరంగల్ డిపాజిట్ సంగతి చూద్దాం, ఎందుకంటే దాని కోసం మీరు జూన్ దాకా ఆగనక్కర్లేదు. బ్యాంకువారు జూన్‌లో ఇస్తామన్న పత్రం 2026 జనవరి నుంచి మార్చి వరకు ఉన్న త్రైమాసికానికి సంబంధించినది. అమెరికా రిటర్న్‌కు జనవరి నుంచి డిసెంబరు వరకు ఉండే సంవత్సరమే లెక్క. కాబట్టి మీకు కావలసింది 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు నాలుగు త్రైమాసికాల వడ్డీ, దాని మీద కోసిన పన్ను. వీటి పత్రాలన్నీ ఫిబ్రవరి నాటికే రావలసినవి. బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ఆ పన్నెండు నెలల వడ్డీని కూడండి. ఇక మిగిలేది కె-1 ఒక్కటే. భాగస్వామ్య సంస్థలు మార్చి మధ్యలో ఇవ్వాల్సిన ఆ పత్రాన్ని, అవి కూడా గడువు పొడిగించుకుని, సెప్టెంబరు 15 దాకా లాగవచ్చు. కనుక మీ విషయంలో గడువు కోరడం న్యాయమే.

ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోండి. తెరవాల్సింది 2025 సంవత్సరపు సాఫ్ట్‌వేర్. దాన్ని 2026లో వాడతాం. పాత సంవత్సరపు ప్యాకేజీ తక్కువ ధరకు దొరికిందని కొనుక్కుని, చివరి రోజున తల పట్టుకున్నవారిని చూశాను. తెరిచిన వెంటనే అప్‌డేట్ చేయండి. అప్పుడు నేరుగా ఎక్స్‌టెన్షన్ పేజీకి పరుగెత్తకుండా, చేతిలో ఉన్న డబ్ల్యు-2లు (జీతాల పత్రాలు), 1099లు (వడ్డీ వంటి ఇతర ఆదాయాల పత్రాలు), వరంగల్ వడ్డీ, అన్నీ రిటర్న్‌లో ఎక్కించండి. కె-1 రాలేదు కనుక నిరుటి కె-1లోని అంకెలను, ఈ ఏడాది ఆ సంస్థ పంపిన లాభాల వివరాన్ని బట్టి ఒక అంచనా వేసి తాత్కాలికంగా పెట్టండి. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో ఉన్న మేలు ఇక్కడే కనిపిస్తుంది: సగం నిండిన రిటర్న్ నుంచే మొత్తం పన్ను ఎంతో అది లెక్క కట్టి చూపిస్తుంది, ఫైలు మీ డిస్కులోనే ఉంటుంది, అక్టోబరులో తిరిగి తెరిచి అంచనా తీసేసి అసలు అంకె పెట్టుకోవచ్చు.

ఆ తరువాత, టర్బోటాక్స్‌లో అయితే ‘అదర్ టాక్స్ సిట్యుయేషన్స్’ అనే భాగంలో, మిగతావాటిలో దానికి దగ్గరి పేరున్న చోట, గడువు కోరే పేజీ ఉంటుంది. ఫారంలో అసలు పని నాలుగు గడులది. నాలుగో గడిలో ఏడాది మొత్తం పన్ను అంచనా, అయిదో గడిలో ఇప్పటికే జీతాల్లో కోసినదీ మీరు విడిగా కట్టినదీ కలిపి మొత్తం, ఆరో గడిలో తేడా, ఏడో గడిలో ఇప్పుడు కడుతున్న సొమ్ము. నాలుగో గడిలో సున్నా పెట్టి పంపేయడం చాలామందికి అలవాటు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపకపోవచ్చు గానీ, అంచనా సహేతుకంగా లేదని తరువాత తేలితే ఆ పొడిగింపు చెల్లదని ఫారం సూచనల్లోనే ఉంది.

అంకెలతో చూస్తే విషయం తేలికగా పట్టుబడుతుంది. మీ ఇద్దరి మొత్తం పన్ను 31,400 డాలర్లనుకుందాం. జీతాల్లో 27,900 కోశారు. బాకీ 3,500. గడువు కోరకుండా, డబ్బు కట్టకుండా ఊరుకుంటే, రిటర్న్ ఆలస్యానికీ చెల్లింపు ఆలస్యానికీ కలిపి నెలకు బాకీలో 5 శాతం, అంటే 175 డాలర్లు పడుతుంది. అయిదు నెలల్లో అది 875కు చేరుతుంది. అదే గడువు కోరి, డబ్బు మాత్రం కట్టకపోతే పడేది చెల్లింపు ఆలస్యపు జరిమానా ఒక్కటే, నెలకు అర శాతం, అంటే పదిహేడున్నర డాలర్లు. పదింతల తేడా అంతా ఒక్క పేజీ ఫారం వల్ల. ఇంకో వెసులుబాటు కూడా ఉంది: మొత్తం పన్నులో కనీసం 90 శాతం ఏప్రిల్ 15లోగా చేరి, మిగిలింది రిటర్న్‌తో పాటు కట్టేస్తే ఆ అర శాతం కూడా వేయరు. మీ లెక్కలో 90 శాతం అంటే 28,260. కోసిన దానికి ఇంకో 360 డాలర్లు కలిపితే గీత దాటినట్టే. అయితే కె-1 అంచనా తారుమారైతే ఈ గీత కూడా జరుగుతుంది, పైగా వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచి రోజువారీ చక్రవడ్డీగా నడుస్తూనే ఉంటుంది. నా మాట వినేట్టయితే 3,500 పూర్తిగా కట్టేయండి. ఎక్కువైతే అక్టోబరులో వెనక్కి వస్తుంది.

కట్టడానికి రెండు దారులు. ఒకటి, సాఫ్ట్‌వేర్‌లోనే అమెరికా బ్యాంకు ఖాతా వివరాలిచ్చి, ఫారంతో పాటే సొమ్ము తీసుకోమనడం. ఇలా చేస్తే మీరేనని రుజువుగా నిరుటి రిటర్న్‌లోని ఏజీఐ (సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం), అంటే 2024 ఫారం 1040లో 11వ గడిలోని అంకె, అడుగుతారు. డబ్బు కట్టకుండా ఫారం ఒక్కటే పంపేవారికి ఈ బెడద లేదు. రెండో దారి ఐఆర్‌ఎస్ సైటులోని డైరెక్ట్ పే. అక్కడ చెల్లింపు కారణంగా ఎక్స్‌టెన్షన్ అని ఎంచుకుని కడితే ఆ చెల్లింపే గడువు కోరినట్టు లెక్క. ఫారం 4868 విడిగా పంపనక్కర్లేదు. మీరు రెండింటిలో ఏదో ఒకటే పట్టుకోండి. డైరెక్ట్ పేలో కట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఖాతా నంబరు కూడా ఇచ్చేసి, 3,500 రెండుసార్లు పోగొట్టుకుని వెనక్కి రావడానికి ఎదురుచూసినవారున్నారు.

పంపడం అయిపోయిందని సాఫ్ట్‌వేర్ చెప్పగానే ల్యాప్‌టాప్ మూసేయకండి. నేను అమెరికాలో ఉన్న రోజుల్లో ఒకసారి అదే చేశాను. తెర మీద పచ్చటి టిక్కు చూసి నిద్రపోయాను. మూడో రోజు తెరిచి చూస్తే తిరస్కరించినట్టు ఉంది. ఏజీఐ బదులు అదే పేజీలో దాని కింద ఉన్న మరో అంకె ఎక్కించాను, తప్పు పూర్తిగా నాదే. ‘ట్రాన్స్‌మిటెడ్’ అంటే మీ దగ్గర్నుంచి వెళ్లిందని, ‘యాక్సెప్టెడ్’ అంటే ఐఆర్‌ఎస్ పుచ్చుకుందని. రెండో మాట సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, దాని కోసం మీరే సాఫ్ట్‌వేర్ తెరిచి ఈ-ఫైల్ స్థితి చూడాలి. తిరస్కరిస్తే సరిచేసి తిరిగి పంపడానికి అయిదు రోజులిస్తారు. పేరు సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టు లేకపోవడం తిరస్కరణకు మామూలు కారణాల్లో ఒకటి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత గొడవ ఇక్కడా వెంటాడుతుంది. యాక్సెప్టెడ్ అని వచ్చాక ఆ పేజీనీ ఫారాన్నీ పీడీఎఫ్‌గా దాచుకుని, పన్ను ఫైలు నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అక్టోబరు లోపు కంప్యూటర్ పాడైతే ఏడ్చి లాభం లేదు.

రాష్ట్రం సంగతి వేరుగా చూసుకోవాలి. మీ న్యూజెర్సీలో పొడిగింపు చెల్లాలంటే రాష్ట్ర పన్నులో కనీసం 80 శాతం ఏప్రిల్ 15లోగా చేరి ఉండాలి. దాని ఫారం ఎన్‌జే-630. కాలిఫోర్నియా అయితే ఫారం లేకుండానే ఆరు నెలలు ఇస్తుంది, డబ్బు మాత్రం ఏప్రిల్‌లోనే అడుగుతుంది. టెక్సస్‌వారికి వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు కనుక ఈ పేరా అక్కర్లేదు.

ఇక అక్టోబరులో రిటర్న్ పూర్తి చేసేటప్పుడు, గడువు కోరుతూ కట్టిన 3,500 షెడ్యూల్ 3లోని పదో గడిలోకి వచ్చిందో లేదో స్వయంగా చూడండి. విడిగా డైరెక్ట్ పేలో కట్టినట్లయితే ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారే లేదు. వరంగల్ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పదివేల డాలర్లు దాటితే వేయాల్సిన విదేశీ ఖాతాల నివేదిక ఎఫ్‌బార్‌కు అక్టోబరు 15 వరకు గడువు అడగకుండానే ఉంది, కానీ అది ఈ సాఫ్ట్‌వేర్‌లోంచి పోదు, విడిగా అమెరికా ఆర్థిక శాఖ విభాగమైన ఫిన్‌సెన్ సైటులో వేయాలి. 2025 లెక్కలో పదవీ విరమణ పొదుపు ఖాతా ఐఆర్‌ఏలోనో వైద్య ఖర్చుల పొదుపు ఖాతా హెచ్‌ఎస్‌ఏలోనో డబ్బు వేయాలనుకుంటే దానికి మాత్రం ఏప్రిల్ 15 ఆఖరు, 4868 దాన్ని కదపలేదు.

ప్రశ్న: పెళ్లయి నాలుగు నెలలైంది. మా ఆవిడ హెచ్-4 (ఆశ్రిత) వీసా మీద వచ్చింది, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ గడువు ఫారాన్ని పంపనివ్వడం లేదు. డబ్ల్యు-7 దానితో జత చేయాలా?

జవాబు: చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు దొరకనివారికి ఇచ్చే పన్ను నంబరు ఐటీఐఎన్ కోసం పెట్టే డబ్ల్యు-7 అసలు రిటర్న్‌తో పాటు పోవాలి, గడువు ఫారంతో కాదు. నంబరు లేనివారి విషయంలో ఫారం 4868ని సాఫ్ట్‌వేర్‌లోనే నింపి, ముద్రించి, ఆమె నంబరు ఉండాల్సిన చోట ‘ఐటీఐఎన్ టు బి రిక్వెస్టెడ్’ అని ఇంగ్లీషులో రాసి, ఏప్రిల్ 15 ముద్ర పడేలా తపాలాలో పంపండి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. అసలు ఈ తంటా ఎందుకనుకుంటే, మీ పేరు మీద కొంత బాకీ ఉందనిపిస్తే, మీ నంబరుతో డైరెక్ట్ పేలో ఎక్స్‌టెన్షన్ కింద కట్టడం సులువు. కానీ ఉమ్మడి రిటర్న్ వేసే ఉద్దేశం ఉంది కనుక ఇద్దరి పేర్లతో కాగితం పంపడమే నాకు నిబ్బరంగా తోస్తుంది.

ప్రశ్న: అమెరికా నుంచి రెండు నెలల సెలవు మీద హైదరాబాద్ వచ్చాను. వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ విండోస్ 10. కొన్న టర్బోటాక్స్ ఎక్కడం లేదు. దేశం బయట ఉన్నవారికి జూన్ 15 దాకా గడువు ఉంటుందని విన్నాను, అప్పటికి తిరిగి వెళ్లిపోతాను. ఆగవచ్చా?

జవాబు: ఆగవద్దు. జూన్ 15 వెసులుబాటు ఏప్రిల్ 15 నాటికి అమెరికా బయట నివసిస్తూ, పని చేసే ముఖ్య స్థలం కూడా బయటే ఉన్నవారికి. సెలవుకు వచ్చినవారికి వర్తించదు. ల్యాప్‌టాప్ విషయానికొస్తే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2025 సంవత్సరపు టర్బోటాక్స్ డెస్క్‌టాప్‌కు విండోస్ 11 కావాలి. మీ యంత్రం విండోస్ 11కు పనికొచ్చేదైతే మార్చుకోవచ్చు, కానీ ప్రయాణంలో, గడువు తల మీద ఉండగా ఆపరేటింగ్ సిస్టం మార్చే సాహసం నేనైతే చేయను. స్నేహితుడి కంప్యూటర్‌లో ఎక్కించుకుని పన్ను ఫైలు అక్కడ వదిలేయడం అంతకన్నా తప్పు. గడువు కోరడానికి ఐఆర్‌ఎస్ ఫ్రీ ఫైల్‌ను ఎంత ఆదాయమున్నవారైనా ఉచితంగా వాడుకోవచ్చు, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది. బాకీ ఉంటే డైరెక్ట్ పే సరిపోతుంది, అమెరికా బ్యాంకు ఖాతా మాత్రం ఉండాలి. ఖాతాల్లోకి వెళ్లేటప్పుడు ఓటీపీ మీ అమెరికా నంబరుకే వస్తుంది కనుక, ఆ సిమ్ రోమింగ్‌లో పనిచేస్తోందో లేదో పదమూడో తేదీకల్లా చూసుకోండి.