చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే, మరి కడప జిల్లాలో సిమెంటు ఎందుకు చౌకగా దొరకదు?

జమ్మలమడుగులో ఇల్లు కట్టుకుంటూ మీరు అడిగిన ప్రశ్న: "ఎటు చూసినా ఫ్యాక్టరీలే. అయినా అన్ని బ్రాండ్లూ ఒకే వారంలో రేటు పెంచుతాయి. ఇది కుమ్మక్కు కాదా? ఎవరికి చెప్పుకోవాలి?" నేను ప్రొద్దుటూరులో చాలా ఏళ్ళు సిమెంటు, ఇనుము అంగడి నడిపాను. డీలరుగా చూసింది చెబుతాను.

ఫ్యాక్టరీ పక్కనే ఉంటే సరుకు చౌకగా రావాలని మనం అనుకుంటాం. కంపెనీ లెక్క వేరు. యర్రగుంట్ల బస్తాను చెన్నైకో బెంగళూరుకో పంపితే లారీ బాడుగ పోను ఎంత మిగులుతుందో, కనీసం అంతైనా ఇక్కడ రావాలని చూస్తారు. దానిమీద ఇంకెంత రాబట్టవచ్చన్నది పోటీని బట్టి ఉంటుంది. దూరపు సిమెంటు ఇక్కడికి రావాలంటే బాడుగ మీద పడుతుంది. కొత్తగా ఫ్యాక్టరీ పెట్టాలంటే సున్నపురాయి గనుల లీజు చేతిలో ఉండాలి. అందుకే బాడుగలో మిగిలిన డబ్బు మన జేబులోకి రాదు.

ఇక ఒకేసారి పెరగడం. ఒక కంపెనీ నుంచి "సోమవారం నుంచి బస్తాకు ఇంత పెంపు" అని మెసేజ్ వస్తే, ఒకటి రెండు రోజుల్లో మిగతా కంపెనీలవీ వచ్చేవి. అయినా రేట్లు ఒకేలా కదిలినంత మాత్రాన చట్టం ముందు కుమ్మక్కు రుజువు కాదు. అమ్మేవాళ్ళు కొద్దిమందే అయినప్పుడు ఒకరు పెంచితే మిగతావాళ్ళు మాట్లాడుకోకుండానే పెంచగలరు. అవతలి బ్రాండు ఎంతకు వస్తోందో కంపెనీ రెప్‌లు రోజూ మా అంగళ్ళలోనే కనుక్కునేవారు. వాళ్ళు విడిగా కలుసుకోవాల్సిన పనేముంది?

అందుకే వ్యాపారంలో పోటీకి గండి కొట్టేవాళ్ళ మీద చర్య తీసుకునే కేంద్ర సంస్థ, కాంపిటీషన్ కమిషన్, రేటుతో పాటు ఇంకా కొన్ని చూస్తుంది. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద 2012 జూన్‌లో 11 సిమెంటు కంపెనీలకు 6,000 కోట్లకు పైగా జరిమానా వేసినప్పుడు, కంపెనీలు తమ సంఘంలో ధరల సమాచారం పంచుకోవడాన్ని, 2010 నవంబరు, డిసెంబరుల్లో ఉత్పత్తి, రవాణా తగ్గి ఆ తర్వాత ధర పెరగడాన్ని లెక్కలోకి తీసుకుంది. విచారణ జరిగిన తీరు సరిగా లేదని 2015లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2016లో కమిషన్ మళ్ళీ జరిమానా వేసింది, 2018లో అప్పీలులో అది నిలబడింది, కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఇన్నేళ్ళ తిప్పలు చూస్తే ఆ దారి ఎంత కష్టమో తెలుస్తుంది.

మీకు కనిపించనిది ఇంకొకటి ఉంది. మాకు వచ్చే బిల్లు రేటుకూ మీకు అమ్మే రేటుకూ మధ్య మాకు దాదాపు ఏమీ మిగిలేది కాదు. లాభమంతా క్రెడిట్ నోటులోనే, అంటే అమ్మకాల టార్గెట్ చూసి కంపెనీ తర్వాత మా ఖాతాలో జమ చేసే డబ్బులోనే. కంపెనీల మధ్య అసలు పోటీ అక్కడ జరుగుతుంది, బోర్డు మీది రేటు మాత్రం కదలదు. ఒకసారి బస్తాకు కొంచెం తగ్గించి అమ్మితే, ఒక కంపెనీ రెప్ వచ్చి "ఇంతకు తక్కువ అమ్మితే నీ క్రెడిట్ నోటు ఆగిపోతుంది" అన్నాడు. ఆ టెన్షన్‌కి నోరు మూసుకున్నాను. డీలరు డిస్కౌంటును ఇలా కట్టడి చేయడం పోటీకి గండి కొడితే 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కిందికి వస్తుంది. డీలర్లు డిస్కౌంటు ఇవ్వకుండా కట్టడి చేసినందుకే 2021లో మారుతి సుజుకికి కమిషన్ 200 కోట్ల జరిమానా వేసింది.

నా మాటగా చెబుతున్నాను, కుమ్మక్కు కంటే మనం ఎక్కువ భయపడాల్సింది విలీనాలకు. తాడిపత్రి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంటును 2024లో అంబుజా కొన్నది. యర్రగుంట్ల ప్లాంటు ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్‌ది, 1990ల చివర్లో ఇండియా సిమెంట్స్‌కు వెళ్ళింది. చిలంకూరు ప్లాంటుతో పాటు ఇప్పుడది, కమిషన్ అనుమతితోనే, 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. తాడిపత్రి దగ్గర అల్ట్రాటెక్‌కు ముందే సొంత ఫ్యాక్టరీ ఉంది. దాల్మియా, భారతి, కొలిమిగుండ్లలో రామ్‌కో వంటివి ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ ఇద్దరు యజమానులు ఒక్కరైతే వాళ్ళు కుమ్మక్కు కావాల్సిన అవసరమే ఉండదు, పట్టుకోవడానికి ఆధారమూ ఉండదు. కొనుగోలుకు అనుమతి ఇచ్చే ముందే మన జిల్లా స్థాయిలో ఎవరి చేతిలో ఎంత సరుకు ఉందో కమిషన్ గట్టిగా చూడాలి.

ఫిర్యాదు ఎవరైనా కమిషన్‌కు ఇవ్వవచ్చు. 2023 సవరణ తర్వాత విషయం జరిగిన మూడేళ్ళలోపు ఇవ్వాలి. ఫీజు ఉంటుంది. డీలర్లకు వచ్చిన మెసేజ్‌లు, తేదీలతో బిల్లులు చేతిలో ఉండాలి. అవి ఒక్క ఇంటి యజమానికి దొరకవు కాబట్టి మీ ఊరి బిల్డర్లతో కలిసి వెళ్ళండి.

ఈలోగా మీ ఇంటి సంగతి: స్లాబుకు కావాల్సిన బస్తాలన్నీ ఒకేసారి చెప్పి, నెలాఖరు వారంలో ఇద్దరు ముగ్గురు డీలర్లను అడగండి. టార్గెట్‌కు కొంచెంలో ఆగిన డీలరు తన క్రెడిట్ నోటులోంచి ఎంతో కొంత వదులుకుంటాడు. దించుకునేటప్పుడు బస్తా మీద ప్యాక్ చేసిన వారం, సంవత్సరం చూడండి. మూడు నెలలు దాటిన సరుకైతే తీసుకోవద్దు.