టీడీఎస్ తక్కువుంటే నల్లా నీళ్లలో బ్యాక్టీరియా లేనట్టేనా?

కాదు. టీడీఎస్ మీటర్ చూపేది నీళ్లలో కరిగిన లవణాల లెక్క మాత్రమే. మలంతో వచ్చే ఈ.కోలి అనే బ్యాక్టీరియా ఉన్నా దానికి పట్టదు, నీళ్లూ తేటగానే ఉంటాయి.

హైదరాబాద్‌కు మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి, క్లోరిన్ కలిపే వదులుతారు. చిక్కంతా దారిలోనే. చాలా బస్తీల్లో నల్లా వచ్చేది కొద్దిసేపే. మిగతా సమయం పైపులో ఒత్తిడి ఉండదు. పక్కన డ్రైనేజీ కారుతుంటే ఆ మురుగు పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది. దీనికి తోడు నల్లాకే మోటారు బిగించి లాగే మహానుభావులు! ఆ లాగుడుకు మురుగు ఇంకా తేలిగ్గా వస్తుంది, ముప్పేమో వీధి మొత్తానికి. 2009లో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

ఊళ్లలో కారణం వేరు: ఎక్కువగా బావికో బోరుకో మరీ దగ్గరున్న మరుగుదొడ్డి గుంత.

తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి అసలు ఉండకూడదు. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి. అంటే జనం విసుక్కునే ఆ క్లోరిన్ వాసన నిజానికి మంచి సూచనే. ఇంట్లో చూసుకోవాలంటే బ్యాక్టీరియా పరీక్షకు వాడే హెచ్2ఎస్ సీసా చాలు: నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచాక నల్లబడితే అనుమానించాల్సిందే. అప్పుడు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఆలోగా నీళ్లు సలసల మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచి, చల్లార్చి తాగండి. సంపు కూడా కడిగించండి, డ్రైనేజీ చాంబర్ పక్కనే ఉంటే మరీ ముఖ్యం.