సివియారిటీ లెవెల్స్ దగ్గర ఆగిపోయిన అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్నాడు. రౌటర్ లాగ్ మెసేజ్‌లలో సివియారిటీ లెవెల్స్ ఎంత చదివినా తికమక పడుతున్నాడు. సైబర్ సెక్యూరిటీకే డిమాండ్ అంటున్నారు. అందులోకి మార్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?

అమ్మా, ఈ ఉత్తరం నాకు ఏడాదికి చాలాసార్లు వస్తుంది. పాఠం పేరొక్కటే మారుతుంది. వాడు వెనకబడిపోతాడేమోనన్నదే మీ భయం. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఇక్కడ తికమక పడటం తెలివి తక్కువై కాదు.

రౌటర్ తనలో జరిగినవి రాసుకునే లాగ్‌లో ఒక్కో మెసేజ్‌కు తీవ్రత చెప్పే అంకె ఉంటుంది, అదే సివియారిటీ లెవెల్. 0 నుంచి 7 దాకా ఉన్న ఎనిమిది పేర్లూ పుస్తకంలో ఉన్నాయి, వాటి జోలికి పోను. అంకె తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుందన్నది వాడికీ తెలిసే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. సిస్కో కంపెనీ రౌటర్‌లో కేబుల్ ఊడితే సాధారణంగా లింక్-3-అప్‌డౌన్ అని వస్తుంది, మధ్యలోని 3 దాని లెవెల్. తిరిగి పెట్టి లింక్ బాగుపడినా వచ్చేది అదే 3. మనమే కమాండ్ ఇచ్చి పోర్ట్ మూసేస్తే మాత్రం 5. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతిలో పక్క రౌటర్‌తో సంబంధం తెగిపోవడం పెద్ద విషయమే, అయినా అదీ 5గానే నమోదవుతుంది. 0 నుంచి 4 వరకే లాగ్‌లు దాచే సర్వర్‌కు పంపమని సెట్ చేసినవాడికి ఆ కబురు అక్కడ చేరనే చేరదు. అంకె మనకు జరిగిన నష్టాన్ని కొలవదు, ఆ మెసేజ్‌కు తయారీదారు ముందే ఇచ్చిన స్థానం అది. దీన్ని బట్టీ పడితే ఎవరికైనా అయోమయమే.

ఇక సైబర్ సెక్యూరిటీ. ఆ రంగం మీద నాకు కోపం లేదు. కానీ దాన్ని అడ్డదారిలా అమ్ముతున్న తీరు నాకు నచ్చదు. అక్కడ కొత్తవాళ్లకు చాలాచోట్ల మొదట ఇచ్చే పని లాగ్‌లు చూడటమే! నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయేవాటిని తనిఖీ చేసే సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌నే తీసుకోండి. నియమం ప్రకారం అడ్డుకున్న ప్యాకెట్ 4గా, లోపలికి వదిలిన టీసీపీ కనెక్షన్ 6గా రాస్తుంది. అంటే చొరబాటుదారుడి జాడ ఉత్త సమాచారం అనుకునే 6లోనే ఉండొచ్చు. ఇక్కడ తప్పించుకున్న పాఠం అక్కడ ఇంకా కష్టమై ఎదురొస్తుంది. నెట్‌వర్క్ రానివాడు ఆ లాగ్ చూసి ఏం పట్టుకుంటాడు?

ఒక మాట కటువుగానే చెబుతాను. "మార్పించమంటారా" అని రాశారు, "మారతానంటున్నాడు" అని ఎక్కడా రాయలేదు. ఒక్క పాఠం దగ్గర ఆగినందుకే కోర్సు మార్పించాలనుకోవడం తొందరపాటు. పక్కింటివాళ్ల మాట కంటే ముందు వాడి మాట వినాల్సింది మీరు.

పుస్తకం పక్కన పెట్టమనండి. ల్యాబ్ రౌటర్‌లో ఒకసారి కేబుల్ లాగి, మరోసారి కమాండ్‌తో పోర్ట్ మూసి, వచ్చిన మెసేజ్‌లను నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ప్రతిదాని పక్కన "దీనివల్ల ఎవరి పని ఆగింది?" అన్నదానికి జవాబు వాడి సొంత మాటల్లో ఉండాలి. ఓ పదిహేను రోజులు చేయనివ్వండి. అప్పటిదాకా ఇంట్లో కోర్సు మార్చే మాట ఎత్తకండి.